బావ కోసం బిగించిన డ్రమ్ములు

డ్రమ్ము శ్రుతి చేయడమంటే ఏముంది, నాలుగు బోల్టులు బిగించడమే కదా అనే మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లను రేవు బ్యాండు గదికి తీసుకొచ్చి మేస్త్రి పక్కన ఒక పూట కూర్చోబెట్టాలి. పూట తిరిగేసరికి చెవులు గింగురుమని, నోరు దానంతట అదే మూతపడుతుంది.

ఆ గది పాత గోదాముల వరుసలో చివరిది. ఒకప్పుడు అందులో ఓడల తాళ్లు చుట్టలు చుట్టి పెట్టేవారట, గోడలకు తారు వాసన ఇంకా వదల్లేదు. కిటికీలోంచి సముద్రం కనిపించదు, క్రేన్ల ఇనప కాళ్లు కనిపిస్తాయి. గది మధ్యలో పొడవాటి బల్ల, బల్ల మీద మడత పెట్టిన కంబళి, గోడ పొడవునా కొక్కేలకు వేలాడుతూ సైడు డ్రమ్ములు. భుజాలకు తగిలించుకుని నడుస్తూ వాయించే డ్రమ్ములవి. పైనా తోలే, కిందా తోలే. తోలనడం పాత అలవాటు. పైది గట్టి దారాలతో నేసిన బిళ్ల, కిందది ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్కు. కింది తోలును ఒరుసుకుంటూ సన్నటి తీగలుంటాయి. పైన కర్ర పడగానే కింద ఆ తీగలు గరగరమంటాయి. ఆ గరగర లేకపోతే సైడు డ్రమ్ముకూ బిందెకూ పెద్ద తేడా లేదు.

మేస్త్రి ముందు కింది తోలు సంగతి చూస్తాడు, తరవాత పైది. మెడలో తాడుకు కట్టుకున్న చిన్న తాళంచెవితో ఒక బోల్టు కాస్త తిప్పి, వెంటనే దానికి ఎదురుగా ఉన్న బోల్టు తిప్పుతాడు. పక్కపక్కవి తిప్పుకుంటూ పోతే తోలు ఒకవైపుకు ఈడ్చుకుపోయి, ఎంత మంచి డ్రమ్మయినా మూతి వంకర పోతుంది. అన్నీ తిప్పాక తోలు నడిమధ్య రెండు వేళ్లు ఆనించి, ప్రతి బోల్టు పక్కనా కర్ర మొనతో చిన్నగా తట్టి వింటాడు. ఒకచోట టిక్కని, ఇంకోచోట టక్కని అంటే ఆ పూట అతనికి అన్నం సయించదు. ఒక డ్రమ్ము కుదిరాక దాన్ని పట్టుకుని రెండోది, రెండోదాన్ని పట్టుకుని మూడోది. వరుసలో ఒక్క డ్రమ్ము గొంతు వేరుగా వినిపించినా అది తన పరువు పోయినట్టే లెక్క.

పుట్టుకతో ఎవరూ మేస్త్రి కారు. చిన్నప్పుడు అతనికి వెనకా ముందూ ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయాక తల దువ్వి, ముక్కు తుడిచి, అవసరమైతే వీపు మీద రెండు తగిలించి పెంచింది ఆవిడే. ఆవిడ పెళ్లయి వెళ్తుంటే తమ్ముడు గుమ్మం పట్టుకుని వదల్లేదు. పెళ్లికొడుకు నవ్వి, "సరేలెండి, వీణ్ణి కూడా పెట్టెలో సర్దేయండి" అన్నాడు. అలా వచ్చినవాడు ఇక తిరిగి వెళ్లలేదు. బావ కూడా ఆ మాట వదల్లేదు. ఎవరికి పరిచయం చేసినా, "మా బామ్మర్ది. మా ఆవిడ సామాన్లతో పాటు వచ్చాడు, తిరిగిచ్చేద్దామంటే తీసుకునేవాళ్లు లేరు" అనేవాడు. అక్క చూసిన సంబంధాలు ఒక్కటీ కుదరక, మేస్త్రి ఆ ఇంటి మేడమీది గదిలోనే నడివయసుకొచ్చాడు.

బావ రేవులో సరుకులు కట్టే తాళ్ల ముఠాకు పెద్ద. సాయంత్రాలు రేవు బ్యాండులో సైడు డ్రమ్ము. ఆయన రోల్ వాయిస్తే, అంటే రెండు కర్రలూ ఎక్కడా తెంపు లేకుండా తోలు మీద ఆడిస్తే, రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్టే ఉండేది. అందుకే రేవంతా ఆయన్ని వడగళ్లాయన అనేవారు. బామ్మర్దికి కూడా నేర్పాలని ఒక ఏడాది తంటాలు పడి, చివరికి చేతులెత్తేశాడు. "నీ చేతులు రెండూ మొగుడూ పెళ్లాల్లా ఉన్నాయిరా. ఒకటి అవునంటే రెండోది కాదంటుంది. నువ్వు వాయించకు గానీ, విను. వినడం నీకొచ్చు" అని పాత మేస్త్రి దగ్గర పనికి పెట్టాడు. మేస్త్రికి ఈ లోకంలో ఉన్న నీడ, తిండి, పని, అన్నీ ఈ ఇద్దరి చలవే. ఆ సంగతి వాళ్లెప్పుడూ ఎత్తి చూపలేదు, అతనెప్పుడూ మరిచిపోలేదు.

బావ ఎడమ చేతిలో ఏదో తేడా వచ్చిందని అందరికన్నా ముందు పసిగట్టింది మేస్త్రే. చేతిని చూసి కాదు, తోలును చూసి. కర్రలు పడేచోట తోలు మీద బూడిదరంగు మచ్చ పడుతుంది. చెయ్యి కుదురుగా ఉన్నవాడి మచ్చ చిన్నగా, గుండ్రంగా, నడిమధ్యలో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లది చూస్తే కోళ్లు కెలికిన పెంటకుప్పే. బ్యాండు మొత్తంలో బావ మచ్చే చిన్నది. అలాంటిది ఒక వానాకాలం మేస్త్రి డ్రమ్ములన్నీ దించి తుడుస్తుంటే, బావ తోలు మీది మచ్చకు ఎడమవైపు చిన్న తోక కనిపించింది. మురికేమో అనుకుని గుడ్డ తడిపి రుద్దాడు. అది పోలేదు. కొన్నాళ్లకు తోక ఇంకాస్త సాగింది.

బావను అడగొచ్చు కదా? అడగలేదు. మనవాళ్లలో అదో రోగం, నోరు విప్పి అడిగితే నిజమైపోతుందని భయం. అడగడం మాని, మెడలోంచి తాళంచెవి తీసి, బావ డ్రమ్ము పై తోలు అన్ని బోల్టులూ ఒక్క పిసరు బిగించాడు. తోలు బిగిస్తే కర్ర బాగా ఎగురుతుంది. చెయ్యి ఒకసారి కొడితే చాలు, రెండో దెబ్బ తోలే ఎగరేసి ఇస్తుంది. చేతి కష్టంలో సగం తోలు పంచుకుంటుంది.

మర్నాడు బావ ప్రాక్టీసు నుంచి వస్తూ వస్తూ వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఏం చేశావురా మేస్త్రీ? కర్ర నన్ను బతిమాలుకుంటోంది, ఇంకాస్త వాయించు బాబూ అని!" ఆ మాటకు మేస్త్రికి ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. బావ డ్రమ్ము బిగిస్తే దాని గొంతు మిగతా వాటికన్నా పైకి పోయింది. పది మేకల్లో ఒక్క మేకకు గంట కట్టినట్టు అది విడిగా వినపడుతోంది. దాన్ని దించితే బావ చెయ్యి ఆగిపోతుంది. అందుకని మేస్త్రి మిగతా డ్రమ్ములన్నింటినీ దాని దాకా ఎక్కించాడు. మచ్చకు తోక పెరిగినప్పుడల్లా బావ డ్రమ్ము ఒక పిసరు, దాని వెనకాలే అందరివీ ఒక పిసరు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నెలల తరబడి సాగిందీ వ్యవహారం. పైగా కొత్తగా వచ్చిన బ్యాండు మాస్టారు ఒకరోజు గదికొచ్చి, "మేస్త్రిగారూ, డ్రమ్ముల వరుసకు ప్రాణం వచ్చిందండీ" అని మెచ్చుకున్నారు కూడా. మేస్త్రి సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం మేడ మీద బట్టలు ఆరేస్తూ అక్క తమ్ముణ్ణి దగ్గరికి పిలిచింది.

"ఒరేయ్, మీ బావ చొక్కా బొత్తాలు ఇప్పుడు నేనే పెడుతున్నాను. తెలుసా?"

మేస్త్రి తడి దుప్పటి ఒక కొస పట్టుకున్నాడు.

"నరాల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. తగ్గేది కాదట. మందులతో కాస్త నెమ్మదిస్తుందట, అంతే. ముఠాలోంచి తీసేసి గేటు దగ్గర కుర్చీ వేశారు. ప్రమోషనొచ్చిందే అని నవ్వుకుంటూ వచ్చి చెప్పాడు నాతో." ఆవిడ దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "అది కూడా భరిస్తాడు రా. కానీ బ్యాండులోంచి కూడా తీసేస్తే నా చేతికి మనిషి మిగలడు. ఆ డ్రమ్ము తగిలించుకున్న గంటసేపే ఆయన మామూలుగా ఉంటున్నాడు. నువ్వు అక్కడే ఉంటావు కదా, ఎలాగోలా చూసుకో."

"నేనున్నాను కదక్కా" అన్నాడు మేస్త్రి.

ఈ మాట అనడానికి రెప్పపాటు చాలు, మొయ్యడానికి మాత్రం ఒక జన్మ పడుతుంది. ఆ సంగతి ఎవరికైనా అన్న తరవాతే తెలుస్తుంది, మేస్త్రికి మరీ తొందరగా తెలిసొచ్చింది.

వరుసలో బావ పక్కన నిలబడి వాయించేది ఒక క్రేను డ్రైవరమ్మ. నలభై దాటిన మనిషి, మాట కరుకు, మనసు మంచిది. ఒక సాయంత్రం ప్రాక్టీసు కాగానే డ్రమ్ము తెచ్చి బల్ల మీద ధన్‌మని పెట్టింది. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది.

"ఏం మేస్త్రీ, ఇది డ్రమ్మా, సిమెంటు గచ్చా? కొడితే ఎముక దాకా వస్తోంది. పగలంతా ఈ చేత్తోనే నేను కంటైనర్లు దించాలి."

"ఎండ వేడండీ. వేడికి తోలు బిగుసుకుంటుంది" అన్నాడు మేస్త్రి.

"ప్లాస్టిక్కుకీ దారానికీ వేడేంటి? చెవిలో పువ్వులు పెట్టకు." అతని మొహం కేసి కాసేపు చూసింది. మణికట్టు గుడ్డ బిగించుకుంటూ వెళ్లిపోయింది.

ఆ వారమే ఆవిడ డ్రమ్మును ఇంకో పిసరు ఎక్కించబోతుంటే ఒక బోల్టు మర తెగి, తాళంచెవి చేతిలోంచి ఎగిరిపోయింది. పై రింగు వంగింది. మేస్త్రి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇనుము ఇక నా వల్ల కాదని చెప్పేసింది. బావ చేతికి మాత్రం ఇంకా ఇంకా కావాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది అతని బతుకు.

అసలు దెబ్బ ఆ తరవాతి ప్రాక్టీసులో తగిలింది. రేవులో కొత్త జెట్టీ తెరవబోతున్నారు, ఆ రోజు రేవు రోడ్డు పొడవునా బ్యాండు నడవాలి. రెండు గోదాముల మధ్య సందులో మాస్టారు అందర్నీ నిలబెట్టి నడక, వాయింపు కలిపి చేయిస్తున్నారు. బూరలన్నీ ఆగి డ్రమ్ములొక్కటే రోల్ వాయించే చోటు ఒకటుంది. ఆ చోటు రాగానే అటు గోడా ఇటు గోడా ఒక చప్పుడును తిప్పికొట్టాయి. అందరి దెబ్బలూ ఒక్కచోట పడుతుంటే, ఒక్క ఎడమ చేతి దెబ్బ వాటి వెనకాల కుంటుకుంటూ వస్తోంది. గది గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి ఆ చెయ్యి ఎవరిదో వెంటనే పోల్చుకున్నాడు.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఎవరిదని అడగలేదు. "మళ్లీ ఒకసారి" అన్నారు. మళ్లీ అదే వచ్చింది. మూడోసారి ఆయన నేలకేసి చూస్తూ విన్నారు, బావ వైపు చూడకుండా ఉండటానికి. అది చూసి మేస్త్రికి ఇంకా బాధేసింది. కేకలేసే మనిషయితే వెనకాల తిట్టుకోవచ్చు. మెత్తటి మనిషితో ఆ సుఖం కూడా ఉండదు.

ప్రాక్టీసయ్యాక క్రేను డ్రైవరమ్మ గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"నాకు తెలుసయ్యా నువ్వెందుకు బిగిస్తున్నావో. నా పక్కనే కదా ఆయన నిలబడేది. చూస్తూనే ఉన్నాను, ఊరుకున్నాను. కానీ నువ్వు ఒకటి మరిచిపోయావు. ఇదివరకు తోళ్లు వదులుగా ఉన్నప్పుడు అందరి తప్పులూ ఆ గరగరలో కలిసిపోయేవి. నావీ కలిసిపోయేవి. ఇప్పుడు తోలు మీద చీమ నడిచినా వినపడుతోంది. ఆయన్ని దాచిపెడుతున్నానని అనుకుని తీసుకొచ్చి నడివీధిలో నిలబెట్టావు."

ఇంతకాలం మేస్త్రి డ్రమ్ముల గుణం తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదనుకున్నాడు. బిగువు పెరిగితే చప్పుడు శుభ్రపడుతుందని, శుభ్రపడితే తప్పు బయటపడుతుందని అతనికి తెలియక కాదు. పాత మేస్త్రి మొదట నేర్పిన పాఠమే అది. బావ చెయ్యి ఒక్కటే కళ్ల ముందు పెట్టుకుని మిగతాదంతా చూడటం మానేశాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు అన్ని డ్రమ్ములనూ వెనక్కి దించాడు, బావదాన్ని కూడా. ఇక గరగరలో కలిసిపోతుందిలే అనుకున్నాడు. ఆ సాయంత్రం బావ రోల్ మొదలుపెట్టాడు, సగంలో ఎడమ కర్ర తోలు మీద పడి అక్కడే ఉండిపోయింది. దాన్ని లేపడానికి ఆయన చేతిలో బలం లేదు. నవ్వుతూ వరుసలోంచి పక్కకొచ్చి, "ఏంట్రా, ఇవాళ పరుపు తగిలించావు నాకు? మీ అక్క చెప్పిందా, పడుకోబెట్టమని?" అన్నాడు. నుదుటి మీద చెమట కారుతోంది. మేస్త్రి ఆ డ్రమ్ము ఒక్కటీ గబగబా మళ్లీ బిగించి ఇచ్చాడు.

జెట్టీ తెరవడానికి ఒక్క రోజు ఉందనగా మాస్టారు ఒంటరిగా గదికొచ్చారు. కళ్లద్దాలు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీసి తుడిచారు.

"మేస్త్రిగారూ, మీ బావగారి సంగతి. పెద్దాయన. ఈ బ్యాండుకు ఆయన చేసింది నాకు తెలియంది కాదు. పక్కన కూర్చోమని నేను అనలేనండీ. నోరు రావడంలేదు."

"అనకండి సార్" అన్నాడు మేస్త్రి.

"రేపు రోడ్డంతా జనముంటారు. ఆ రోల్ దగ్గర..." మాస్టారు మాట మార్చారు. "ఆయన వరుసలోనే ఉండొచ్చు. యూనిఫారం వేసుకుని, తన చోట్లోనే నడవొచ్చు. చేతులు ఆడించొచ్చు. డ్రమ్ము మాత్రం వినపడకూడదు. అలా చేయగలరా? మీరయితే చేయగలరని..."

మేస్త్రి చాలాసేపు కంబళి మీది ఉన్ని పోగులు ఏరాడు. ఎన్ని డ్రమ్ములకు గొంతు పెట్టిన చెయ్యది! ఇప్పుడు ఒకదాని గొంతు నొక్కమంటున్నారు, అదీ బావదాన్ని. చేయనంటే రేపు బావ ఇంట్లో కూర్చోవాలి. చేస్తానంటే బావ మొహం చూడటం ఎలా? "చేయొచ్చు సార్" అంది అతని నోరు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేసి తీసేసి వెళ్లిపోయారు.

ముందు బావతో చెప్పాలి అనుకునే ఇంటికొచ్చాడు. దారిపొడవునా మాటలు కూడబలుక్కున్నాడు. తీరా వస్తే ముందు గదిలో అక్క యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. బావ కుర్చీలో కూర్చుని, కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే సాగదీస్తున్నాడు.

"రావోయ్ మేస్త్రీ! మీ అక్కను చూడు, పెళ్లినాడు కూడా నా బట్టల మీద ఇంత శ్రద్ధ పెట్టలేదు."

"పెళ్లినాడు మీరింత ముసలివాళ్లు కాదుగా, ముడతలుండటానికి" అంది అక్క.

"రేపు నువ్వు రోడ్డు మలుపులో నిలబడు. అక్కడే రోల్. జనంలో ఎక్కడున్నా నా చెయ్యి నీకు తెలుస్తుందిగా?" అన్నాడు బావ ఆవిడతో.

"మీ చెయ్యి నాకు తెలియకపోవడమేంటి!" అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తమ్ముడికేసి చూసింది. ఆ చూపులో ఎంత నమ్మకముందంటే, మేస్త్రి కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఆకలి లేదని చెప్పి మేడెక్కి వెళ్లిపోయాడు. పిరికివాడివి, పిరికివాడివి అని తనను తాను తిట్టుకున్నాడు. ధైర్యవంతుడయితే మాత్రం ఏం చెప్పేవాడో అతనికీ తెలియదు.

ఉదయం అందరికన్నా ముందు గదికి వెళ్లి బావ డ్రమ్ము దించాడు. తీగలను ఆనించే మీట కిందికి నొక్కి, మళ్లీ పైకి లేవకుండా తీగతో కట్టేశాడు. గరగర పోయింది. కింది తోలు బోల్టులన్నీ వదులు చేశాడు. పై తోలు విప్పి, లోపల పాత లైఫ్ జాకెట్టులోంచి తీసిన స్పాంజి బిళ్లను కోసి, తోలుకు అడుగు నుంచి ఆనేట్టు కూర్చాడు. పై తోలును మళ్లీ బిగించాడు, గట్టిగా. అది వదులుగా ఉంటే కర్ర లేవదు, కర్ర లేవకపోతే చూసేవాళ్లకు తెలిసిపోతుంది. కర్ర లేవాలి, మోత రాకూడదు. ఎదురెదురు బోల్టులు తిప్పుతూ, ప్రతి బోల్టు పక్కనా తట్టి చూశాడు. ఎక్కడ తట్టినా దిండు మీద కొట్టినట్టే ఉంది. అంత పనితనంగా అతను జన్మలో ఏ డ్రమ్మునూ శ్రుతి చేయలేదు. ఆఖరి బోల్టు దగ్గరికొచ్చేసరికి కళ్లు మసకబారి తాళంచెవి బోల్టు మీద కూర్చోలేదు.

బ్యాండు గోదాముల ముందు బారులు తీరింది. మేస్త్రి ఒక్కొక్కరికీ డ్రమ్ము అందించి, భుజాల పట్టీలు సరిచేస్తూ వచ్చాడు. బావ దగ్గరికొచ్చి డ్రమ్ము తగిలించి, చప్పున పక్కకు తిరిగాడు. బావ అలవాటు ప్రకారం కుడి కర్రతో ఒకసారి తట్టి చూసుకున్నాడు.

ఏమీ వినపడలేదు.

బావ ఇంకోసారి తట్టాడు, మెల్లిగా. తరవాత వంగి పక్కనున్న మీట చూశాడు, దానికి చుట్టిన తీగ చూశాడు. తలెత్తి బామ్మర్ది వైపు చూశాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఒక తిట్టు తిడితే బాగుండు, ఆ డ్రమ్ము విప్పి నేల మీద విసిరేస్తే బాగుండు అనుకున్నాడు. బావ అవేవీ చేయలేదు. పక్కన క్రేను డ్రైవరమ్మ చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది. మాస్టారి ఈల మోగింది. బావ ఎడమ కాలు ముందుకు వేశాడు.

రోడ్డు పక్కన జనంలోంచి తోసుకుంటూ మేస్త్రి వరుసతో పాటే నడిచాడు. చూసేవాళ్లకు వడగళ్లాయన ఎప్పటిలాగే ఉన్నాడు. మెడ నిటారుగా ఉంది, కర్రలు లేస్తున్నాయి, పడుతున్నాయి. మలుపు దగ్గర బూరలు ఆగాయి, రోల్ మొదలయింది. ఎక్కడా చిన్న తేడా లేదు. ఇన్నేళ్లలో ఆ వరుస అంత శుభ్రంగా వాయించడం మేస్త్రి వినలేదు. జనం చప్పట్లు కొట్టారు. అంత బాగుండటమే అతను తట్టుకోలేకపోయాడు. ఎక్కడో ఒక్కచోట కాస్త చెడితే బాగుండునని, బావ లేని లోటు ఒక్క చెవికైనా తెలిస్తే బాగుండునని, జన్మలో మొదటిసారి కోరుకున్నాడు. ఎవరికీ తెలియలేదు.

అంతా అయ్యాక అతను ముందే గదికి పరుగెత్తాడు. బావ విడిగా దొరికితే కాళ్లు పట్టుకుందామనుకున్నాడు. కానీ బావ వెంట అక్క కూడా వచ్చింది. మొహం వెలిగిపోతోంది, కళ్లు తడిగా ఉన్నాయి.

"విన్నావురా? మలుపు దగ్గర విన్నావా? అందరూ వాయిస్తుంటే ఆయన చెయ్యి ఒక్కటీ నాకు విడిగా వినపడింది. ఆ డాక్టరు మొహం మండ! ఏమైందిరా ఆ చేతికి? పదేళ్ల కిందట వాయించినట్టే వాయించాడు. విన్నావా లేదా?"

మేస్త్రి బావకేసి చూశాడు. బావ పట్టీలు విప్పుకుంటున్నాడు, తలెత్తలేదు.

"విన్నానక్కా" అన్నాడు మేస్త్రి.

"నీ పుణ్యమేరా ఇదంతా" అని అక్క అతని తల మీద చెయ్యి పెట్టి, మొహం తుడుచుకుంటూ బయటికెళ్లింది. క్రేను డ్రైవరమ్మ ఎదురొచ్చినట్టుంది, ఆవిడకూ అదే సంగతి చెబుతోంది.

గదిలో ఇద్దరే మిగిలారు. "బావా" అన్నాడు మేస్త్రి. బావ డ్రమ్మును తెచ్చి కంబళి మీద పెట్టాడు. ఎడమ చెయ్యి దాని రింగు మీద దడదడమని కొట్టుకుంటుంటే కుడి చేత్తో దాన్ని నొక్కి పట్టుకున్నాడు. మేస్త్రి తాళంచెవి తీసి, లోపలి స్పాంజి తీసేద్దామని మొదటి బోల్టు మీద పెట్టాడు.

"విప్పకు" అన్నాడు బావ. గుమ్మం బయట అక్క గొంతు ఇంకా వినిపిస్తోంది. ఆయన అది కాసేపు విన్నాడు. "ఇక నుంచి ఇలాగే ఉంచు."